బోణీ కానిదే ముద్ద ముట్టని మనిషి

మా ఇంటాయనకు బాగేపల్లిలో అంగడి ఉండేది. పేరు చెన్నరాయప్ప. మొగుని పేరు నోటితో చెప్పే అలవాటు మాకు లేదు. రాస్తే తప్పు లేదని పక్కగది కామాక్షమ్మ చెప్పింది కాబట్టి ఒకసారి రాసినాను. ఇంక ఆయన అనే రాస్తాను.

బస్సులు నిలిచే చోటికి ఎదురుగా ఉండేది అంగడి. పప్పులు, బెల్లం, నశ్యం, కర్పూరం, సూదులు, దారం, పిల్లలకు పిప్పరమెంట్లు. మనిషి కూర్చుంటే మోకాళ్ళు వీధిలోకి వచ్చేటంత అంగడి. నలభై రెండేండ్లు దాంట్లోనే కూర్చున్నాడు.

ఆయనకు తాగుడు లేదు, పేకాట లేదు, ఒకరి మీద చాడీలు చెప్పేది లేదు. ఒక్కటే పట్టు. పొద్దున బోణీ కానిదే నోట్లో మెతుకు పెట్టడు. మొదటి బేరం ఎంత చిన్నదైనా సరే, ఒకరు వచ్చి రొక్కమిచ్చి ఏదో ఒకటి కొనుక్కొని పోవల్ల. ఆ బిళ్ళ కండ్లకద్దుకోవల్ల. ఆ తరువాతే లోపలికి వచ్చి చెయ్యి కడుక్కునేది. అంతవరకు కాఫీ లేదు, మజ్జిగ లేదు. బోణీ కాకముందు అంగట్లోనుంచి ఏదీ ఊరికే బయటికి పోకూడదు కూడా. అప్పు లేదు, దానం లేదు, చిల్లర మార్చేది లేదు. అడుక్కునేవాళ్ళకు కూడా ఇది తెలుసు. పొద్దెక్కినాక వచ్చి, "శెట్టప్పా, అయిందా?" అని అడిగి, అయిందంటేనే చెయ్యి చాపేవాళ్ళు.

ఒకేడు మూడు దినాలు ముసురు పట్టింది. వీధిలో కుక్క కూడా లేదు. నేను అన్నం వండి పెట్టుకొని గడపలో నిలబడితే, ఆయన వీధిని చూస్తాడు, నేను ఆయనను చూస్తాను. కడకు ఎదురింటి ముసలమ్మను బతిమాలి, తలమీద గోనెపట్టా కప్పి పంపిస్తే, ఆమె ఒక సూది కొనింది. కొనేసి ఊరికే పోకుండా, "దీని కన్ను చిన్నదిగా ఉండాది, వేరేది చూపీ" అని డబ్బాలో ఉండే సూదులన్నీ తిరగేసింది. లోపల నా అన్నం గట్టిపడిపోయె. నా మొగుని ఆకలి ఎన్నడూ నా చేతిలో లేదు, బజారు చేతిలో ఉండె.

మరి అంగడి మూసిన దినం ఏం చేసేవాడు అని అడుగుతారు. మూస్తే కదా. పెండ్లి దినం ఒక్కటే మూసినాడట. ఆ దినం కూడా పందిట్లో ఎవరికో వక్కలు తక్కువ పడితే రొక్కానికి అమ్మి, ఆ తరువాతే వచ్చి తాళి కట్టినాడని మా అత్త చెప్పేది. నేను తలవంచుకొని ఉంటిని, చూడలేదు.

పెద్దరోడ్డు వెడల్పు చేసినప్పుడు మా అంగడి ముందరి సగం పోయింది. మిగిలిన సగంలో ఆయన మోకాళ్ళు పట్టవు. వయసు అరవై ఏడు, కంట్లో పొర. మాకు పిల్లలు నిలవలేదు. మరిది కొడుకు గురురాజ సరుకంతా తీసుకొని వేరేచోట అంగడి పెట్టుకున్నాడు. వచ్చి తనతో ఉండమని కాళ్ళకు మొక్కినాడు. ఈయన వద్దన్నాడు. "వాని అంగట్లో నేను కూర్చుంటే వానికి ఇబ్బంది, కూర్చోకుంటే నాకు ఇబ్బంది" అన్నాడు.

అప్పుడే చింతామణి దాటినాక, మురుగమల్లకు పోయే దారిలో, ఎవరో పుణ్యాత్ములు తల్లి పేరున స్థలమిచ్చి, ముసలి దంపతులకని విశ్రాంతి నిలయ కట్టించినారు. ఎదురెదురుగా పన్నెండు గదులు, నడుమ బావి, ఒక చివర వంటిల్లు. మొగుడూ పెండ్లాం ఇద్దరూ ఉంటేనే చేర్చుకుంటారు. ఒకరు పోతే రెండోవాళ్ళను పొమ్మనరు. నేను ఇది రాస్తాండేది ఆ గది అరుగు మీద కూర్చొనే. ఆయన పోయి మొన్న మాఘానికి రెండేండ్లు.

చేరినాక మొదట మూడు నెలలు ఉండి చూడల్ల. ఆ తరువాత కమిటీ అధ్యక్షుడు వచ్చి, సరే అంటే కడదాకా ఉండొచ్చు, కాదంటే మూట కట్టుకోవల్ల. గోడకు కన్నడంలో నియమాలు రాసి తగిలించినారు. కామాక్షమ్మ మొగుడు చిదంబరం మేష్ట్రు చదివి చెప్పినాడు. గదుల్లో వంట చేయరాదు. జగడమాడరాదు. నిలయంలో వ్యాపారం చేయరాదు.

"కడపటిది మనకోసమే రాసినట్టుండాది" అని నేను నవ్వితే ఆయన నవ్వలేదు. గదిలోకి పోయి పరుపుచుట్ట విప్పినాక ఎందుకో తెలిసింది. చుట్ట నడుమ ఇత్తడి తక్కెడ, పాత సేరు రాళ్ళు, ఒక డబ్బా పటికబెల్లం.

"ఇదేలండి?" అన్నాను.

"ఊరికే. చూసుకునేదానికి."

"తక్కెడను చూసుకుంటారా ఎవరన్నా? ఆ రాళ్ళు ఇంక చెల్లవని, కిలో రాళ్ళు వాడమని సర్కారువాళ్ళు చెప్పి ఏడాదాయె."

"నువ్వు నీ పెండ్లికోకను చూసుకోవా? అది ఇప్పుడు చెల్లుతాదా?"

నేను తక్కెడను గోడవార పెట్టి పరుపు పరిచినాను.

మర్నాడు పొద్దున ఏడుకు గంట కొట్టినారు. అందరం వరండాలో వరసగా కూర్చుంటే, వంటచేసే అంబుజమ్మ విస్తర్లలో ఉప్మా, ఈడ ఉప్పిట్టు అంటారు, వడ్డిస్తా వచ్చింది. నేను పదమూడో ఏట అత్తగారింటికి వచ్చినదాన్ని. అప్పటినుంచి ఇంకొకరు వండి నా ముందర పెట్టి "తినమ్మా" అనింది లేదు. ఉప్పిట్టు మీద పొగలొస్తాంటే నాకు చేతులు యాడ పెట్టుకోవల్లో తెలియలేదు. తిన్నాక, ఊరికే తిని లేస్తే బాగుండదని, గిన్నెలు కడిగేదానికి వంటింట్లోకి పోయినాను. అంబుజమ్మ గరిటె ఎత్తి అరిచింది.

"రావద్దు, రావద్దు! ఇది మడి వంటిల్లు. ఈ గడప దాటినావంటే నేను మళ్ళీ స్నానం చేయల్ల. పోయి కూర్చో పోమ్మా!"

వంటింట్లోకి రావద్దని నన్ను తిట్టిన మనిషిని నేను పుట్టినాక అప్పుడే చూసినాను. ఆ తిట్టు ఎంత తియ్యగా ఉండిందో చెప్పలేను. పోయి కూర్చున్నాను. మధ్యాన్నం నిద్రపోయినాను. లేస్తే సాయంకాలమై ఉండాది, ఎవరూ ఏమీ అనలేదు. ఆ దినమే అనుకున్నాను, ఏమన్నా కానీ, నేను ఈ చోటు వదలనని. నా జన్మలో ఇది కావల్ల అని నేను అనుకునింది అదొక్కటే.

కానీ ఆయన విస్తరి ముట్టలేదు.

"ఏం శెట్టరే, ఉప్పు ఎక్కువాయెనా?" అని అంబుజమ్మ అడిగింది.

"లేదమ్మా. కాలేదు" అన్నాడు.

ఏం కాలేదో చెప్పలేదు. మధ్యాన్నమూ అంతే, రెండో దినమూ అంతే. నీళ్ళు తాగి అరుగు మీద కూర్చొని దారివైపు చూసేవాడు. ఇది చూసి చిదంబరం మేష్ట్రు ఏదో గట్టి వ్రతమని తీర్మానం చేసినాడు. సాయంకాలానికి పన్నెండు గదుల్లోనూ అదే మాట. కామాక్షమ్మ పళ్ళెంలో రెండు అరటిపండ్లు పెట్టుకొని వచ్చి ఆయనకు నమస్కారం చేసింది.

"మహానుభావుడమ్మా నీ మొగుడు. మా మేష్ట్రు ఏకాదశినాడు కూడా రెండుసార్లు అడిగి పెట్టించుకుంటాడు" అనింది నాతో.

ఆయన కాదనలేదు. కాదనేదానికి ఒంట్లో శక్తి లేదు.

మూడో దినం నాకు భయమేసింది. కొంగులో ముడివేసుకున్న అయిదు నయాపైసల బిళ్ళ ఒకటి ఉండింది. అది తీసుకొని బయటికి పోయి, చుట్టూ తిరిగి, కొత్తమనిషి మాదిరి అరుగు ముందరకొచ్చి నిలబడినాను.

"శెట్టప్పా, అయిదు పైసలకు పటికబెల్లం ఇయ్యి" అన్నాను.

ఆయన నన్ను కిందినుంచి మీదికి చూసినాడు. వెన్ను నిటారుగా పెట్టినాడు.

"రా తల్లీ రా, ఏ ఊరు మీది? నీడలోకి వచ్చి నిలబడు. ఎండగా ఉండాది" అన్నాడు.

పెండ్లయినాక ఆయన నన్ను అంత మర్యాదగా పలకరించింది అదే మొదలు. ఆ మాట తలచుకుంటే ఇప్పుడు కూడా నవ్వొస్తాది. నవ్వినాక కొంచేపు ఏ పనీ చేయబుద్ధి కాదు.

తక్కెడ తీసి, తూచి, కాగితంలో పొట్లం కట్టి, ఒక చిన్న ముక్క కొసరు కూడా వేసిచ్చినాడు. బిళ్ళ కండ్లకద్దుకున్నాడు. పోయి మూడు విస్తర్ల ఉప్పిట్టు తిన్నాడు. అంబుజమ్మ, "వ్రతం ముగిసిందేమో" అని ఇంకొంచెం వేసింది.

అట్ల వారం గడిచింది. మధ్యాన్నం ఆ బిళ్ళ నాకే ఇచ్చేవాడు, పొద్దున నేను దాన్నే తీసుకొని కొత్తమనిషినై వచ్చేదాన్ని. ఏ ఊరని అడిగితే ఒకదినం హొసూరు అన్నాను, ఒకదినం గౌరిబిదనూరు అన్నాను. ఎనిమిదో దినం ఆయన తక్కెడ ముట్టలేదు.

"ఇంటి చెయ్యి బోణీ కాదు. నా అంగడిని నేనే మోసం చేస్తాండాను. వద్దులే, నువ్వు పోయి తిను" అన్నాడు.

నేను పోయి కామాక్షమ్మకు ఉండేదంతా చెప్పేసినాను. వ్రతం కాదని తెలిసి ఆమె మొహం చిన్నబోయింది. మళ్ళీ అంతలోనే నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.

"ఇంతేనా? నేను కొంటా ఉండు. నా రెండు అరటిపండ్లు మాత్రం నీ మొగుడు నాకు బాకీ!"

ఆమె పటికబెల్లం కొనింది. మర్నాడు మేష్ట్రు నశ్యం ఉండాదా అని అడిగినాడు. నశ్యం లేదని చెప్పేదానికి ఆయనకు నోరు రాక, గురురాజకు జాబు రాయించినాడు. వాడు పెద్దనాయన ఏదో కాలక్షేపానికి అడిగినాడని, బస్సులో మూట పంపించినాడు. నశ్యం, వక్కలు, కర్పూరం, వేయించిన శెనగపప్పు, ఆవాలు. నెల తిరిగేలోపల మా అరుగు అంగడైపోయింది. పొద్దున గంట కొట్టకముందే ముసలివాళ్ళు వచ్చి కూర్చొని, కావలసిందేదో కానిదేదో అడిగి, బేరమాడి, పోట్లాడి, పోయేవాళ్ళు. కాళ్ళు కదలవని మంచం పట్టిన ఆరో గది ఆంజనేయప్ప కూడా బేరమాడేదానికి కర్ర పట్టుకొని నడిచొచ్చినాడు.

కడకు ఆవాలే మమ్మల్ని పట్టించినాయి. వంటింట్లో ఆవాలైపోతే అంబుజమ్మ చింతామణికి పోయేదానికి బద్ధకపడి మా అరుగు మీదే కొనేసింది. నిలయం చూసుకునే మునిశామప్ప సామాన్లు సరిచూస్తా, "ఈ ఆవాలు యాడివి?" అని అడిగినాడు. అంబుజమ్మకు అబద్ధం చెప్పడం రాదు. అది కూడా మడిలోకే వస్తాది.

మునిశామప్ప కోపమొస్తే కన్నడంలోకి దిగుతాడు.

"శెట్టరే, ఇల్లి వ్యాపార మాడంగిల్ల!" అన్నాడు గోడమీది నియమం చూపించి. "సోమవారానికి మీ మూడు నెలలూ ముగుస్తాయి. ఆ దినం అధ్యక్షులు వస్తాండారు. ఉండేదో పోయేదో వాళ్ళే చెప్తారు."

ఆయన తలవంచుకొని లోపలికి వచ్చి, "పోతే పోదాంలే. గురురాజ ఉండాడు కదా" అన్నాడు.

నాకు యాడనుంచి వచ్చిందో అంత గొంతు.

"మీరు పోండి. నేను రాను. గురురాజ ఇంట్లో మళ్ళీ పొయ్యి ముందర కూర్చునేదానికి నాచేత కాదు. నలభైఏండ్లు మీకు బోణీ అయ్యేదాకా నేనూ పస్తే ఉంటిని, అది మీకు తెలుసునా? ఈడ గంట కొడితే తింటాండాను. నేను ఈ అంబుజమ్మ దగ్గరే ఉంటా."

ఆయన నా మొహం చూస్తా నిలబడిపోయినాడు. నేనూ పస్తుండేదాన్నని ఆయనకు నిజంగానే తెలియదు. తక్కెడ గుడ్డలో చుట్టి, మూటతో సహా మంచం కిందికి తోసినాడు.

సోమవారం దాకా ఆ నాలుగు దినాలు ఆయన తినేదానికి తంటాలు పడినాడు. ముద్ద నోట్లో పెట్టుకుంటే ఈ దవడనుంచి ఆ దవడకు పోయి మళ్ళీ చేతిలోకే వచ్చేది. మజ్జిగ మాత్రం తాగినాడు. బోణీ కాకుండా మజ్జిగ తాగింది ఆయన బతుకులో అదే మొదలు, అదీ నాకోసం. నేను గెలిచినాననుకోవల్ల. నాకూ ముద్ద దిగలేదు.

సోమవారం ఏడు గంటలకు జట్కా వచ్చి నిలిచింది. అధ్యక్షుడు వెంకటరాయప్ప దిగినాడు. చింతామణిలో ఆయనకు చెనిక్కాయల మండి, అదే వేరుశెనగ టోకు అంగడి, ఉండాది. లావుపాటి మనిషి, చేతిలో గుడ్డసంచి. వరండాలో కుర్చీ వేసినారు. అంబుజమ్మ ఆయనకొక విస్తరి, మా ఇంటాయనకొక విస్తరి పెట్టి ఉప్పిట్టు వడ్డించింది. ఇద్దరూ ముట్టలేదు.

మునిశామప్ప ఫిర్యాదంతా నిలబడి చెప్పినాడు. ఆవాల సంగతి రెండుసార్లు చెప్పినాడు.

"అంగడి యాడుండాదప్పా?" అన్నాడు వెంకటరాయప్ప.

"మంచం కింద" అన్నాడు ఆయన.

"తియ్యి, చూద్దాం."

తక్కెడ వచ్చింది, మూట వచ్చింది. వెంకటరాయప్ప తక్కెడను వేలికి తగిలించుకొని ఎత్తి చూసినాడు. ముల్లు నడుమ నిలబడింది. "మంచి తక్కెడ" అని గొణుక్కున్నాడు. మూట విప్పి, శెనగపప్పు ఎట్లుండాదో చూద్దామని నాలుగు గింజలు నోట్లో వేసుకోబోయినాడు. మండివాళ్ళ అలవాటు అది.

మా ఇంటాయన పప్పుమీద చెయ్యి అడ్డం పెట్టేసినాడు.

"అయ్యా, తప్పుగా అనుకోవద్దు. బోణీ కాలేదు. ఊరికే ఇయ్యను."

మునిశామప్ప నోరు తెరుచుకున్నాడు. కామాక్షమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకునింది. నేను మనసులోనే మూట కట్టేసుకున్నాను.

వెంకటరాయప్ప చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అవునప్పా, నాదే తప్పు. కాకముందు అడగరాదు" అని, పైసల కోసం జేబులో చెయ్యి పెట్టినాడు. పెట్టిన చెయ్యి జేబులోనే నిలిచిపోయింది.

"ఏమాయెనండీ?" అన్నాడు మునిశామప్ప.

"నాకూ కాలేదయ్యా. మండి తెరవకుండా నేరుగా ఇట్లొచ్చేస్తిని. బోణీ కాకుండా చేతినుంచి రొక్కం యట్లిచ్చేది?"

"ఇయ్యకూడదు" అన్నాడు మా ఇంటాయన, గట్టిగా.

"ఇయ్యకూడదు" అన్నాడు వెంకటరాయప్ప.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటా కూర్చున్నారు. ఈయన అమ్మితే గానీ ఇయ్యడు, ఆయన అమ్మితే గానీ కొనడు. నడుమ రెండు విస్తర్లలో ఉప్పిట్టు ఆరిపోతాండాది.

"నేను కొంటాలెండి, ఒక అయిదు పైసలకు" అని మునిశామప్ప ముందుకొచ్చినాడు.

"నువ్వా? నియమాలు చూసే మనిషివి నువ్వే కొంటే ఎట్లయ్యా?" అని వెంకటరాయప్ప కసిరినాడు.

పరాయి మగవాళ్ళ ముందర నేను ఎన్నడూ నోరెత్తలేదు. ఆ దినం తలుపు చాటునుంచే అడిగినాను.

"అప్పా, మీ సంచిలో ఏముండాది?"

"చెనిక్కాయలమ్మా. బయటూరి బేరగాళ్ళకు చూపేదానికి పెట్టుకున్నా."

"నాకొక పిడికెడు ఇయ్యండి."

బయటికొచ్చి, కొంగులోని ఆ అయిదు పైసల బిళ్ళ అధ్యక్షుని ముందర పెట్టినాను. వెంకటరాయప్ప మొహం చూడల్ల. పండగనాడు కొత్తబట్ట కట్టిన పిల్లోని మాదిరి అయిపోయింది. పెద్దచెయ్యి సంచిలో పెట్టి, పిడికెడు కాదు, రెండు దోసిళ్ళు నా కొంగులో పోసినాడు. బిళ్ళ కండ్లకద్దుకున్నాడు. అదే చేత్తో దాన్ని మా ఇంటాయన ముందర పెట్టి, "శెట్టప్పా, శెనగపప్పు" అన్నాడు.

మా ఇంటాయన తూచి, పొట్లం కట్టి, కొసరు వేసి ఇచ్చినాడు. ఇద్దరూ ఒకేసారి విస్తర్లు దగ్గరకు లాక్కున్నారు. వరండా అంతా తింటాండే చప్పుడే.

మునిశామప్ప దగ్గినాడు. "నేను పుస్తకంలో ఏమని రాయల్ల?"

వెంకటరాయప్ప నమిలేది ఆపినాడు. తాను కూడా ఇప్పుడే ఈ వరండాలో ఒకటి అమ్మి, ఒకటి కొన్నానని అప్పుడు తెలిసినట్టుండాది.

"ఉంటారని రాయి" అన్నాడు. మళ్ళీ మా ఇంటాయనకు వేలు చూపించినాడు. "దినానికి ఒక్క బేరం. అది అయినాక తక్కెడ మంచం కిందికి పోవల్ల. రెండో బేరం జరిగిందని తెలిస్తే నేనే వచ్చి బస్సెక్కిస్తా."

"సంత దినం రెండు చేసుకోనా?" అన్నాడు మా ఇంటాయన.

"ఒక్కటే."

"ఉగాదికి?"

"ఒక్కటేనప్పా!"

"సరే, మీమాట మీదే. దసరాకు మాత్రం..."

నేను వెనకనుంచి ఆయన పంచెకొస పట్టి లాగినాను. ఆయన నోరు మూసుకున్నాడు. చిదంబరం మేష్ట్రు అప్పటికే ఏ దినం ఏ గది కొనల్లో వరస రాసేదానికి కాగితం తెచ్చుకుంటాండాడు. ఆంజనేయప్ప తన గదే మొదట అని కర్రతో నేల కొట్టినాడు.

నేను పోయి స్తంభానికి ఆనుకొని కూర్చున్నాను. అంబుజమ్మ వంటింటి గడపలో నిలబడి నన్ను చూసింది.

"ఏమ్మా, నువ్వు ఇంకా తినలేదు కదా. చల్లారిపోయె. వేడిగా ఇంకొక వాయి చేసి తేనా, లేకుంటే ఉండేదే తెచ్చేదా?"

ఉండేదే చాలులే అని నోటిదాకా వచ్చింది.

"వేడిగా చెయ్యమ్మా" అన్నాను, కూర్చున్నచోటినుంచి లేవకుండా.